గేర్ బాక్సు మార్చిన బండికి షాఫ్టులు, జాయింట్లు కుదర్చడం: మా విజయనగరం షెడ్డులో చేసే పద్ధతి

సిరిమాను పండగ ఇంకో వారం ఉందనగా మా మేనల్లుడు, వాడి కాలేజీ స్నేహితులు నలుగురూ కలిసి ఒక బుల్లి బండిని ట్రాలీ ఆటో మీద కట్టుకుని నెల్లిమర్ల రోడ్డులో ఉన్న మా లేత్ షెడ్డుకి వచ్చారు. పైపులతో కట్టిన చట్రం, ఒకటే సీటు, వెనకాల 305 సీసీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజను. ఇంజనీరింగ్ కుర్రాళ్ళ కోసం బాహా అని ఒక పోటీ ఉంది. మన దేశంలో 2007లో ఇండోర్ పక్కన పీథంపూర్‌లో మొదలైంది. దానికోసం కట్టుకున్న బండి. ముందు బెల్టు మీద నడిచే సీవీటీ (గేర్లు వేయకుండా నిష్పత్తి దానంతటదే మారేది) పెట్టారట. అది జారుతోందని విప్పేసి, మహీంద్రా ఆల్ఫా ఆటో గేర్ బాక్సు పెట్టారు. అందులోనే డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకీ బలం పంచే భాగం, ఉంటుంది కాబట్టి మంచి ఎంపికే. అక్కణ్ణుంచి చక్రాలకి బలం మోసే కడ్డీలే షాఫ్టులు, వాటి కొసల్లో వంగుతూ తిరిగేవే జాయింట్లు.

"మావయ్యా, షాఫ్టులు పొడుగైపోయాయి. ఒక అంగుళం కోసి అతికించేయ్, చాలు" అన్నాడు మేనల్లుడు.

నేనూ అతికించేశాను. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, ఆ మాట వినకూడదు. పండగ హడావిడి, కుర్రాళ్ళ తొందర, రెండూ కలిశాయి. మర్నాడు చంపావతి ఇసుకలో బండి దించారు. చక్రం కూరుకుపోయింది, రివర్స్ వేసి క్లచ్ వదిలారు, టక్కుమని ఒకటే చప్పుడు. షాఫ్టు తెగింది. నా వెల్డింగ్ దగ్గర కాదు, దానికి ఒక అర అంగుళం పక్కన. వెల్డింగ్ వేడికి ఇనుము గుణం మారిపోయి పెళుసైన చోట.

ఆ తర్వాత సరిగ్గా చేశాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. గేర్ బాక్సు ఏదైనా, బండి ఏదైనా ఇదే దారి.

నేను పని నేర్చుకున్నది సాలూరు లారీ షెడ్లలో. మా మేస్త్రీ ఒక మాట అనేవారు: "రెండు చివర్లూ వాళ్ళవిరా బావూ, మధ్యదే మనది." గేర్ బాక్సు వైపు జాయింటు గేర్ బాక్సు కంపెనీదే ఉండాలి. చక్రం వైపు జాయింటు హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) ఏ బండిదో ఆ బండిదే ఉండాలి. ఈ రెంటినీ కలిపే కడ్డీ ఒక్కటే మనం చేసుకునేది. చాలామంది దీన్ని తిరగేస్తారు. దొరికిన కడ్డీని పట్టుకుని, దానికి సరిపోయేలా కప్పుని (జాయింటు పైగుల్లని) రంపంతో కోస్తారు, హబ్బుని బోరింగ్ చేస్తారు. అలా చేస్తే రేపు జాయింటు పోతే కొట్లో దొరకదు. మా బండికి లోపలి చివర ఆల్ఫా బాక్సుది, బయటి చివర మారుతి 800ది. రెండూ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. పోటీకి వెళ్ళినచోట రాత్రి పది గంటలకి జాయింటు పోతే ఈ తెలివి విలువ తెలుస్తుంది.

జాయింట్ల తేడా ముందు తెలుసుకోవాలి. చక్రం వైపు ఉండేది ఆరు గుండ్ల జాయింటు. ఫోర్డ్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఆయన 1920లలో కనిపెట్టిన రకం. చక్రం ఎంత తిరిగినా, 45 డిగ్రీల దాకా వంగినా వేగం తేడా రాకుండా తిప్పుతుంది. కానీ లోపలికీ బయటికీ జరగదు. గేర్ బాక్సు వైపు ఎక్కువగా వచ్చేది మూడు రోలర్ల జాయింటు, చూడ్డానికి మూడు కాళ్ళ పీటలా ఉంటుంది. అది అంత వంగదు, ఇరవై డిగ్రీలు దాటించకపోవడం మంచిది. కానీ కప్పులో ముందుకీ వెనక్కీ జారుతుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడు షాఫ్టు పొడవులో వచ్చే తేడాని మింగేది ఈ జారుడే. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసిన షాఫ్టు ఏదో ఒక రోజు గేర్ బాక్సులోకి గునపంలా పొడుస్తుంది, లేదా కప్పులోంచి ఊడి బయటికి వస్తుంది.

కొలత

షాఫ్టు అన్నిటికన్నా ఆఖర్న చేయాల్సిన వస్తువు. గేర్ బాక్సు బోల్టులన్నీ బిగించి, ఇంజను దిమ్మలు పెట్టి, చక్రాలు, హబ్బులు, చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచే చేతులు అన్నీ అసలు చోట ఉన్నాకే వెర్నియర్ పట్టుకోవాలి. "బాక్సు ఇక్కడికి వస్తుంది" అని సుద్దముక్కతో గీసిన గీత మీద కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

స్ప్రింగులు, షాకబ్సర్లు విప్పేయండి. హబ్బు కింద జాకీ పెట్టండి. ఇప్పుడు చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీసి ఒకసారి, బండి మామూలుగా నిలబడే ఎత్తులో ఒకసారి, పూర్తిగా పైకి లేపి ఒకసారి కొలవాలి. లోపలి జాయింటు నడిమధ్య నుంచి బయటి జాయింటు నడిమధ్య దాకా. దీనికి టేపు పనికిరాదు. మేం ఒక పైపులో ఇంకో పైపు దూర్చి, పక్కన చిల్లు పెట్టి ఒక బోల్టు బిగించే ఏర్పాటు చేశాం. రెండు కొసలకీ పాత షాఫ్టుల చివరి ముక్కలు కోసి అతికించాం (ఇక్కడ వెల్డింగ్ పరవాలేదు, ఇది కొలబద్ద మాత్రమే). జాకీ లేపుతుంటే పైపు దానంతటదే సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆపిన చోట బోల్టు బిగించి, విప్పి కొలుచుకోవడమే.

కుడి పక్క మాకు వచ్చిన లెక్కలు: పూర్తిగా వేలాడితే 429 మిల్లీమీటర్లు. నిలబడే ఎత్తులో 413. పూర్తిగా పైకి లేపితే 414.

ఇక్కడే కుర్రాళ్ళు మోసపోబోయారు. "అయితే తక్కువ 413, ఎక్కువ 429 అన్నమాట" అని కాగితం మీద రాసేసుకున్నారు. జాకీని మెల్లగా, ఒక్కో అంగుళం చొప్పున మళ్ళీ లేపించాను. షాఫ్టు నేలకి సమాంతరంగా వచ్చిన ఎత్తులో కొలత 411కి దిగింది. షాఫ్టు అతి పొట్టిగా ఉండాల్సింది పైకొసలో కాదు, అడ్డంగా తిన్నగా నిలిచినప్పుడు. తాడు కట్టి చూడండి, అర్థమవుతుంది. రెండు గోడల మధ్య తాడు అడ్డంగా కడితే తక్కువ పడుతుంది, ఏటవాలుగా కడితే ఎక్కువ కావాలి. మూడు చోట్ల మాత్రమే కొలిచి వదిలేస్తే, ఆ మధ్య ఎత్తులో జరిగే పొడుపు మనకి కనపడదు. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. మా బండికి రెండే వచ్చింది, చక్రం ఎక్కువ ఊగే బండికి పది కూడా రావచ్చు.

మొత్తం ఊగులాట 411 నుంచి 429, అంటే 18 మిల్లీమీటర్లు. మా లోపలి కప్పులో రోలర్లు జారగలిగిన దూరం కొలిస్తే 36 వచ్చింది. సరిపోతుంది. కానీ సరిపోయే చోట నిలబెట్టాలి. బండి నిలబడ్డ ఎత్తులో, అంటే 413 దగ్గర, రోలర్లు కప్పు నడిమధ్యలో ఉండాలని అందరూ అనుకుంటారు. అలా చేస్తే చక్రం వేలాడినప్పుడు రోలర్లు 16 మిల్లీమీటర్లు బయటికి వస్తాయి, అంచు ఇక రెండే మిల్లీమీటర్ల దూరం. గాల్లోకి ఎగిరే బండికి అది చాలదు. అందుకని మేం ఊగులాట మధ్యని పట్టుకున్నాం, అంటే 420. ఆ కొలత దగ్గర రోలర్లు కప్పు మధ్యలో ఉంటాయి. అప్పుడు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది మిగులుతుంది. మామూలుగా నిలబడ్డప్పుడు రోలర్లు కాస్త లోపలికి ఉన్నట్టు కనిపిస్తాయి. కనిపించనివ్వండి. అటూ ఇటూ కనీసం అయిదు మిల్లీమీటర్లు మిగలని ఏర్పాటు మా షెడ్డులో బయటికి పంపను.

ఎడమ పక్క మళ్ళీ మొదటినుంచీ కొలవాలి. బాక్సు నడిమధ్యన కూర్చోదు, షాఫ్టులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వస్తాయి. కుడిది చూసి ఎడమది చేయించిన పెద్దమనుషులు ఉన్నారు.

ఇదే జాకీ మీద వంపు కూడా చూసేయండి. ఫోన్‌లో కోణం చూపించే యాప్ ఉంటుంది, పైపు మీద ఆనించండి. మాకు వేలాడినప్పుడు 16 డిగ్రీలు వచ్చింది. ఇది పై నుంచి కిందికి ఉన్న వంపు మాత్రమే. కొత్త బాక్సు పాతదానికన్నా 35 మిల్లీమీటర్లు వెనక్కి కూర్చుంది, ఆ వంపు పైనుంచి చూస్తే ఇంకో అయిదు డిగ్రీలు. రెండూ కలిస్తే అసలు వంపు 17 అయింది. పదహారూ అయిదూ ఇరవై ఒకటి కాదు, ఇది అడ్డం నిలువు లెక్క. ఇరవై లోపే ఉంది కాబట్టి ఊరుకున్నాను. దాటి ఉంటే షాఫ్టు జోలికి పోకుండా బాక్సు దిమ్మలే మార్పించేవాణ్ణి.

పళ్ళు, కడ్డీ

షాఫ్టు చివర ఉండే పళ్ళని మేం స్ప్లైన్లు అంటాం. లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. పళ్ళ సంఖ్య, బయటి వ్యాసం, పళ్ళున్న పొడవు, సర్క్లిప్పు (జాయింటు ఊడకుండా పట్టే రింగు) గాడి ఎంత దూరంలో ఉంది, ఈ నాలుగూ రాసుకోండి. నాలుగూ కలిసినా పంటి ఏటవాలు కోణం వేరైతే దూరదు, లేదా దూరి లొడలొడలాడుతుంది. అందుకే నేను అంకెలు నమ్మను. అసలు జాయింటు తెచ్చి తొడిగి చూస్తాను. సుత్తితో కొట్టకుండా చేత్తో దూరాలి, దూరాక తిప్పితే చప్పుడు రాకూడదు. మూడు కాళ్ళ పీటని విప్పే ముందు ఏ ముఖం బయటికి ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి తొడిగితే సర్క్లిప్పు కూర్చోదు.

పాత షాఫ్టుని లేత్ మీద కట్టి సన్నం చేద్దామని చూస్తే పనిముట్టు మొన కాలిపోతుంది. కంపెనీ వాళ్ళు పైపొరని గట్టిపరిచి పంపుతారు. అందుకే కొత్త కడ్డీయే దారి. మేం ఈఎన్ 24 అనే గట్టి ఉక్కు రకం తీసుకున్నాం. లేత్ పని నాది. పళ్ళు కోయడానికి, వేడిచేసి గట్టిపరచడానికి విశాఖపట్నం వెళ్ళాం. కోసేవాళ్ళకి డ్రాయింగు కన్నా రెండు జాయింట్లూ చేతికి ఇవ్వడం మేలు. వాటిలో తొడిగి చూశాకే ఇవ్వమని చెప్పండి. గట్టిపరిచేది పళ్ళు కోసిన తర్వాతే. వేడికి కడ్డీ అరటి పండులా కొద్దిగా వంగి వస్తుంది, డయల్ గేజ్ (వంకర ఎంతో ముల్లుతో చూపించేది) పెట్టి తిప్పి చూడకుండా డబ్బులు ఇవ్వకండి.

ఎంత లావు పెట్టాలి? లావు కొద్దిగా పెరిగినా బలం చాలా పెరుగుతుందన్నది నిజమే. 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 22 వేస్తే మెలికని ఆపే బలం మూడోవంతు పెరుగుతుంది. ఈ లెక్క చదువుకుని వచ్చిన కుర్రాళ్ళు ఏకంగా 26 వేసెయ్యమన్నారు. కానీ చివర పళ్ళ అడుగు వ్యాసం మారుతి జాయింటు ఎంతంటే అంతే కదా. మధ్యలో కడ్డీని రోకలిలా చేస్తే, మెలికంతా ఆ సన్నని పళ్ళ మొదట్లోనే పడుతుంది, అక్కడే తెగుతుంది. నడుము పళ్ళ అడుగు వ్యాసం కన్నా ఒక వెంట్రుకవాసి సన్నగా ఉండాలి. అప్పుడు దెబ్బ తగిలినప్పుడు కడ్డీ పొడవంతా కొంచెం కొంచెం మెలి తిరిగి దెబ్బని పంచుకుంటుంది. లావు మారే చోట మూల కత్తిరించినట్టు ఉండకూడదు, గుండ్రంగా దిగాలి. నేను చూసిన తెగిన షాఫ్టుల్లో సగం ఆ పదును మూల దగ్గరే తెగాయి.

రివర్స్‌లోనే ఎందుకు తెగిందని మేనల్లుడు అడిగాడు. లెక్క వాడి చేతే కట్టించాను. ఇంజను టార్క్ (తిప్పే బలం) సుమారు 19 న్యూటన్ మీటర్లు. ఆల్ఫా బాక్సు మొదటి గేరు నిష్పత్తి 31 చిల్లర, రివర్స్‌ది 55. మొదటి గేరులో ఒక్కో షాఫ్టు మీద 295 దాకా పడితే, రివర్స్‌లో 520 దాటుతుంది. చక్రం గట్టి నేల మీద ఉంటే ఆ బలం అంతా పడకముందే జారిపోయి షాఫ్టుని కాపాడుతుంది. ఇసుకలో ఇరుసు దాకా కూరుకున్న చక్రానికి జారే వీలేదీ? కాబట్టి షాఫ్టు లావు లెక్క కట్టేటప్పుడు రివర్స్ గేరుతో కట్టండి.

బిగింపు

జాయింటు మీద తొడిగే రబ్బరు బూటు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జాయింట్లలో ఎక్కువ భాగం బూటు చిరిగే పోతాయి. జాయింటు గ్రీజు వేరే ఉంటుంది, నల్లగా, మాలీ (మాలిబ్డినం) కలిపినది. కమాన్ కట్టలకి కొట్టే గ్రీజు అందులో పెట్టకండి. బూటుతో వచ్చే ప్యాకెట్ మొత్తం వాడాలి, సగం జాయింటు లోపలికి, సగం బూటులోకి. చిన్న క్లాంపు బిగించే ముందు స్క్రూ డ్రైవరు మొద్దు వైపు అంచులో దూర్చి లోపలి గాలి వదలండి, లేకపోతే బూటు బొంగరంలా ఉబ్బి రాసుకుంటుంది. సర్క్లిప్పు ప్రతిసారీ కొత్తదే. తొడిగాక గట్టిగా లాగి చూడాలి.

ఆయిల్ సీలు మీద తిరిగే భాగం వ్యాసం అసలు దానితో సమానంగా, అద్దంలా నున్నగా ఉండాలి. గీత ఒక్కటి ఉన్నా వారంలో ఆయిల్ కారుతుంది. హబ్బు నట్టు ఆఖర్న, కంపెనీ చెప్పిన బిగువుకి. చాలా బండ్లలో చక్రం బేరింగుని పట్టి ఉంచేది ఆ నట్టే. అది బిగించకుండా బండిని షెడ్డులో ఇటూ అటూ తోసినా బేరింగు పాడవుతుంది. ఈ తప్పు మా కుర్రాడొకడు చేశాడు, కొత్త బేరింగు నా జేబులోంచే పెట్టాను.

స్ప్రింగులు తిరిగి ఎక్కించకముందే, జాకీ మీద అన్ని ఎత్తుల్లోనూ చక్రాన్ని చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టకూడదు. ఒక్క చోట బిగిసినా ఆగి చూడాలి. "రోడ్డు మీద సర్దుకుంటుంది" అన్న మాట ఈ పనిలో చెల్లదు.

ఇంజను ముందుండి వెనక చక్రాలు నడిపే జీపుల్లాంటి బండ్ల వాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి, బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు గురించి నాలుగు మాటలు. బాక్సు మారితే దాని పొడవు మారుతుంది, చివరి క్రాసు (కూడిక గుర్తులా ఉండే జాయింటు ముక్క) సైజు కూడా తరచూ మారుతుంది. పాత జీపుల్లో ఎక్కువగా చూసే 1310 రకం క్రాసుకి కప్పు 27 మిల్లీమీటర్లు, అడ్డం సుమారు 82. రెండు పక్కలా రెండు సైజులుండే క్రాసులు కూడా దొరుకుతాయి, యోకు (క్రాసుని పట్టుకునే కవ) కోసి పాడుచేయకండి. క్రాసు జాయింటు వంగి తిరిగితే ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండో చివర క్రాసు దాన్ని సరిచేయాలంటే రెండు యోకులూ ఒకే వరసలో ఉండాలి, బాక్సు దగ్గర వంపు, వెనక ఇరుసు హౌసింగ్ దగ్గర వంపు సమానంగా ఉండాలి. షాఫ్టు విప్పి తొడిగేటప్పుడు ఒక పన్ను తప్పినా బండి వణుకుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే లారీలకి ఈ వణుకు పట్టుకుంటే సెంటర్ బేరింగులు మారుస్తూ కూర్చునేవారు. మా మేస్త్రీ వచ్చి షాఫ్టు విప్పి, ఒక్క పన్ను తిప్పి, టీ తాగి వెళ్ళిపోయేవారు. వంపు అసలు లేకుండా సున్నా డిగ్రీలు కూడా పెట్టకూడదు, సూదుల బేరింగులో సూదులు తిరగక ఒకే చోట గుంతలు పడతాయి. ఒక డిగ్రీ నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే హాయి.

ఇంకో మాట. ఇదంతా పోటీ బండికి, పొలంలో తిరిగే బండికి. రిజిస్ట్రేషన్ ఉన్న బండిలో ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా మార్పు చేస్తే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డు వస్తుంది. రవాణా ఆఫీసులో అడక్కుండా అలాంటి పని మా షెడ్డుకి తేవద్దు.

మళ్ళీ మా బండికి. షాఫ్టు ఎక్కించే ముందు దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకి తెల్ల పెయింటుతో తిన్నగా ఒక గీత గీయించాను. కుర్రాళ్ళు అలంకారం అనుకున్నారు. ప్రతి పరుగు తర్వాతా ఆ గీత చూడాలి. తిన్నగా ఉంటే కడ్డీ బాగున్నట్టు. చీర అంచులా మెలి తిరిగితే ఆ కడ్డీ పని అయిపోయినట్టే, తెగేదాకా ఆగకుండా విప్పేయాలి. తిప్పినప్పుడు టకటకమంటే బయటి జాయింటు, తిన్నగా పోతూ గ్యాసు నొక్కినప్పుడు వణికితే లోపలిది. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూటు.

పండగ వెళ్ళిన పదో రోజున మళ్ళీ చంపావతి ఇసుకలో దించాం. ఈసారి కావాలనే కూరుకుపోనిచ్చి, రివర్స్ వేయించాను. ఇంజను ఆగిపోయింది, షాఫ్టు తట్టుకుంది. ఒడ్డుకి తెచ్చి బురద కడిగి, అందరం వంగి చూశాం. కుడి గీత తిన్నగానే ఉంది. ఎడమది, పొడుగు కడ్డీ, బియ్యపు గింజంత పక్కకి జరిగింది. ఆ ఒక్కటీ విప్పించి, నడుము దగ్గర పళ్ళ అడుగు వ్యాసం దాటకుండా ఇంకాస్త లావు ఉంచి కొత్తది చేయించాం. పాతది షెడ్డు గోడకి వేలాడుతోంది, అతికించమని వచ్చేవాళ్ళకి చూపించడానికి.